పెచ్చులకొండ రిజర్వాయరు

పెచ్చులపాడు కొండలో నీళ్ళున్నాయని సర్కారువారు కనిపెట్టిన రోజు నుంచీ ఆ ఊరికి నీళ్ళు లేకుండా పోయాయి.

అంతకుముందు ఉండేవా అని అడిగితే, ఉండేవి. ట్యాంకరులో ఉండేవి. రోజు మార్చి రోజు పొద్దున్నే మస్తాను తోలుకొచ్చే నీలంరంగు ట్యాంకరే ఆ ఊరికి కృష్ణ, అదే పెన్న. నేలను నమ్ముకుని లాభం లేదు. బావి తవ్వినవాళ్ళకి రాయి పడింది. బోరు వేసినవాళ్ళకి ఆ రాయి కింద ఇంకో రాయి పడింది. ఊరికి ఉత్తరాన అడ్డంగా పడుకున్న పెచ్చులకొండ మొత్తం పలకరాయి. ఉలి ఆనించి సుత్తితో ఒక్కటిస్తే పుస్తకం తెరిచినట్టు విచ్చుకుంటుంది. ఆ రాయినే చీల్చి, చెక్కి, గచ్చులకనీ గోడలకనీ లారీలకెత్తి ఊరు బతుకుతోంది. కూడు రాయి పెట్టేది, నీళ్ళు మస్తాను పోసేవాడు.

ట్యాంకరు దగ్గర తగువులు రాకుండా ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. వరసలో బిందెలు పెట్టరు. బిందె పెడితే కుక్క దొర్లిస్తుంది, గాలి ఎత్తుకుపోతుంది, లేదా పక్కింటావిడ కాలు తగిలి దానంతట అదే వెనక్కి జరుగుతుంది. అందుకని ఇంటికొక పలకరాయి పెట్టుకున్నారు. రాయి మీద ఆ ఇంటి గుర్తు చెక్కి ఉంటుంది. ఒకరిది తేలు, ఒకరిది చంద్రవంక, ఏ బొమ్మా రానివాళ్ళది ఉత్త గీత. రాయి ఎక్కడుంటే ఆ ఇల్లాలు అక్కడ నిలబడినట్టే లెక్క. మనిషి పురిటికి పోయినా, ఊరికి పోయినా, ఏకంగా పైకే పోయినా ఆ రాయిని జరపడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఆ వరసలో మొట్టమొదటి రాయి చిలక గుర్తుది. అది ప్రెసిడెంటు చెన్నకేశవులు ఇంటిది. అంటే ఆయన భార్య తిరుపాలమ్మది. చెన్నకేశవులు సర్పంచి ఎన్నికలో గెలిచి ఇంటికి తెచ్చిపెట్టిన ఆస్తి ఏమిటయ్యా అంటే ఆ మొదటి చోటు ఒక్కటే. దానికీ ఒక చిక్కుంది. ట్యాంకరు కుళాయి కారడం మొదలై చాలా ఏళ్ళయింది. ఆ కారేదంతా చిలక రాయి మీదే పడుతుంది. నానీ నానీ ఆ రాయి అంచులు పెచ్చులూడి, పొరలు విచ్చి, పొరకీ పొరకీ నడుమ నాచు పట్టి, తడిసిన అప్పడాల కట్టలాగా అయింది.

అట్లాంటి రోజుల్లో సర్కారువారికి రాళ్ళ మీద మనసైంది. ఒక ఏడు మబ్బుల్లో నీళ్ళున్నాయని వెతికారు. మరో ఏడు పాతాళంలో ఉన్నాయని వెతికారు. రెండింటికీ నడుమ వెతకనిది రాయి ఒక్కటే మిగిలింది కాబట్టి, "రాయి రాయికీ రిజర్వాయరు" అనే పథకం పెట్టి, దానికొక సంస్థనీ, సంస్థకొక సంచాలకుణ్ణీ, సంచాలకుడికొక జీపునీ ఏర్పాటు చేశారు. సంచాలకుడి పేరు పరాంకుశరావు. మాట్లాడినా ఫైలు రాసినట్టే మాట్లాడే మనిషి. ఒక ఎండాకాలపు పూట ఆయన జీపు సరాసరి పెచ్చులపాడు ట్యాంకరు చోటుకొచ్చి ఆగింది.

చెన్నకేశవులు కండువా సర్దుకుని ఎదురెళ్ళాడు. పరాంకుశరావు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కొండవైపు చూశాడు.

"కొండ ఎంత దూరం ఉండును?"

"కనపడ్డానికి దగ్గరే సార్. నడవడానికే దూరం."

పరాంకుశరావు జీపు నీడలోకి ఒక అడుగు వెనక్కి వేసి, అక్కడి నుంచే జనానికి బోధ మొదలుపెట్టాడు. "ఈ శిల ఒకానొకప్పుడు కేవలం బురద. భూగర్భమున కోట్ల సంవత్సరములు ఒత్తిడికి, ఉష్ణమునకు లోనై రూపాంతరం చెందినది. అట్టి రూపాంతర శిలలలో రంధ్రములు ఉండవనియే లోకం ఇన్నాళ్ళూ అపోహపడినది. ఉండును. కంటికి కానరాని సూక్ష్మరంధ్రములు ఉండును. శిలలో ఎన్నోవంతు రంధ్రమో ఆ లెక్కకే సచ్ఛిద్రత అని పేరు. ఆ రంధ్రములలో జలమున్నది. ఆ జలము మీది."

గురవమ్మవ్వ నోరు ఊరుకునే రకం కాదు. "ఒత్తిడికీ యేడికీ మేమూ నలిగినాం గదయ్యా, నిన్నా మొన్నా కాదు. మాలో చుక్క మిగల్లా. రాతిలో మిగిలిందా?"

"మీపై పరిశోధన మా పరిధిలోనిది కాదు," అన్నాడు పరాంకుశరావు.

కొండ మీది రాయి ఒకటి నమూనాగా కావాలన్నాడు. ఆయన వెంట వచ్చిన ఇద్దరు అసిస్టెంట్లు కొండవైపు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరూ బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగారు. ఎంతకీ లేవలేదు. చెన్నకేశవులుకి మనసు కరిగింది. ఇంటికొచ్చిన ఆఫీసర్లకి ఎండదెబ్బ తగిలితే ఊరికి మాట రాదూ? అదీగాక పెద్ద ఆఫీసరు ముందు ఏదో ఒక పని చేసి చూపించకపోతే చెన్నకేశవులుకి తోచదు.

"ఈ ఎండన పడి కొండెక్కడం దేనికి సార్? కొండరాయి కావాలంటే ఇక్కడ లేదా ఏంది?" అని, చేతికందిన మొదటి రాయి తీసి ఇచ్చాడు. చేతికందింది మొదటి రాయే గదా. అది చిలక రాయి.

పరాంకుశరావు దాన్ని అటూ ఇటూ తిప్పి, "స్థానిక ప్రజాప్రతినిధి స్వహస్తములతో సమర్పించిన నమూనా," అని రాయించుకున్నాడు. తేమ ఆరిపోకుండా ప్లాస్టిక్ సంచిలో బిగించి మూతి కట్టించాడు. జీపు వెళ్ళిపోయింది.

తిరుపాలమ్మ ఇంట్లో నుంచి వచ్చి వరస చూసింది. "నా రాయేది?"

"సర్కారుకిచ్చినా," అన్నాడు చెన్నకేశవులు గొప్పగా.

"ఊళ్ళో ఇన్ని రాళ్ళుండంగా పెళ్ళాం రాయే దొరికిందా నీకు ఇయ్యడానికి?"

జిల్లాలో ఆ రాయిని తూచారు. పొయ్యిలాంటి పెట్టెలో పెట్టి ఎండబెట్టారు. మళ్ళీ తూచారు. తగ్గిన బరువెంతో అంత నీళ్ళు, నీళ్ళెన్నో అన్ని రంధ్రాలు. పలకరాయిలో వందకి ఒక పాలు రంధ్రం ఉంటేనే గొప్ప. చిలక రాయిలో పదకొండు పాళ్ళు తేలింది. అందులో నాచెంత, మస్తాను కుళాయి ఎంత అని అడగడానికి రాయికి నోరు లేదు. అడగవలసిన అసిస్టెంట్లకి నోరున్నా ఉద్యోగాలున్నాయి. ఆ పదకొండు పాళ్ళని కొండ పొడవుతో, వెడల్పుతో, ఎత్తుతో పెంచుకుంటూ పోతే వచ్చిన అంకె రాయడానికి కాగితం అడ్డంగా తిప్పుకోవాల్సి వచ్చిందట.

చెన్నకేశవులుకి జిల్లాలో సన్మానం చేశారు. శాలువా కప్పారు. "జలసమృద్ధ గ్రామం" అని చెక్కిన ఇత్తడి ఫలకం చేతికిచ్చారు. దేనికిచ్చారో సరిగ్గా తెలియకపోయినా, మైకు ముందు నిలబెట్టేసరికి ఆయన శాలువా సర్దుకున్నాడు. "ఇదంతా నా ఒక్కడి గొప్ప కాదు, మా ఊరి ఆడోళ్ళ కష్టం," అన్నాడు. చప్పట్లు మోగాయి. చప్పట్లు మోగినప్పుడు ఇంకా కాస్త మాట్లాడాలనిపిస్తుంది ఎవరికైనా. "మా కొండలో ఇంకా ఎన్ని నీళ్ళున్నాయో మీకు తెలవదు," అని కూడా అనేశాడు. దాన్ని అసిస్టెంట్లు రాసుకున్నారు.

మర్నాడు ట్యాంకరు రాలేదు. ఆ తరవాతా రాలేదు. మస్తానుకి ఫోను చేస్తే వాడు గొంతు తగ్గించి చెప్పాడు. "మామా, మీ ఊరికి తీసేసినారు. నీళ్ళున్న ఊరికి నీళ్ళు తోలితే నా మీద కేసు రాస్తారంట. నన్ను వరద డ్యూటీకి సముద్రం దిక్కుకి మార్చినారు."

"వరదోళ్ళకి నీళ్ళెందుకురా?"

"అదే మామా నాకూ తెలవంది. కరువోళ్ళు నెత్తీనోరూ బాదుకున్నా ట్యాంకరు కదలదు. వరదోళ్ళకైతే అడక్కముందే పంపుతారు. చుట్టూతా నీళ్ళే గానీ తాగే నీళ్ళుండవంట."

తిరుపాలమ్మ ఆ మాటంతా విని, ఇత్తడి ఫలకాన్ని గూట్లో బోర్లించి, రెండు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి మొగుడి బండికి రెండువైపులా కట్టింది. "రాయి ఇచ్చినోడివి నువ్వే. నీళ్ళు తెచ్చేదీ నువ్వే."

అట్లా ప్రెసిడెంటుగారు శాలువా తలకి చుట్టుకుని దిగువపాడుకి నీళ్ళకి పోవడం మొదలైంది. దిగువపాడులో నాసరయ్యకి ఒక బోరుంది. అది పారే బోరు కాదు, దగ్గే బోరు. దగ్గినప్పుడల్లా కాస్త పోస్తుంది. పెచ్చులపాడు ఊరంతా ఆ దగ్గు కింద డబ్బాలు పట్టుకుని నిలబడింది.

ఇది తేల్చుకోవాలని చెన్నకేశవులు పరాంకుశరావు ఆఫీసుకి పోయాడు. గుమ్మంలోనే చల్లటి మంచినీళ్ళు ఇచ్చారు. ఆయన మూడు గ్లాసులు తాగి, నాలుగోది అడగడానికి మొహమాటపడి, లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"సార్, అది కొండరాయి కాదు సార్. అంటే కొండరాయే గానీ, మా ఇంటామె వరస రాయి. ఏళ్ళ తరబడి ట్యాంకరు కుళాయి కింద నానిందది. అందులో ఉండే నీళ్ళు మస్తాను నీళ్ళు సార్."

పరాంకుశరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీరు పైన పడినది. లోనికి పోయినది. అవునా?"

"అవున్సార్."

"లోనికి పోవుటకు రంధ్రములుండవలెను గదా? అనగా రంధ్రములు ఉన్నవని మీరే అంగీకరించుచున్నారు. ఈ విషయమై మీ వాంగ్మూలం మా నివేదికకు బలము చేకూర్చును. కృతజ్ఞతలు."

చెన్నకేశవులు కండువాతో మొహం తుడుచుకుని ఇంకోవైపు నుంచి నరుక్కొచ్చాడు. "పోనీ ఉండాయనే అనుకుందాం సార్. కానీ రాయిలో నుంచి చుక్క బయటికి రావడంలా."

"నీరు ఉండుట మా శాఖ. వచ్చుట మా శాఖ కాదు."

"ఎవరిది సార్?"

"రంధ్రము మాది. ఒక రంధ్రము నుండి మరియొక రంధ్రమునకు దారి ఉన్నదా లేదా అనునది పారగమ్యత. అందుకు ప్రత్యేక విభాగం మంజూరైనది. సిబ్బంది నియామకం పరిశీలనలో ఉన్నది." పరాంకుశరావు ముందుకి వంగి, మంచి మాట చెప్పేవాడిలా గొంతు మార్చాడు. "ప్రెసిడెంటుగారూ, మీరు దీనిని లోపముగా చూచుచున్నారు. ఏ జలాశయం తీసుకున్నా ఆవిరియై కొంత, గండ్లు పడి కొంత వృథా. మీ కొండలో? బొట్టు బయటకు రాదు. దేశమునందే లీకేజీ లేని రిజర్వాయరు మీది."

చెన్నకేశవులు బయటికొచ్చాడు. గురవమ్మవ్వ పింఛను కూడా ఇట్లాగే మంజూరై ఎక్కడో రంధ్రంలో ఉందని ఆయనకి గుర్తొచ్చింది. దానికీ లీకేజీ లేదు.

రిజర్వాయరు అన్న మాట పరాంకుశరావు నోట ఊరికే రాలేదు. పది రోజులు తిరక్కుండా కొండ మొదట్లో బోర్డు దిగింది: "ప్రమాదం! లోతైన నీరు. ఈత నిషేధం." దాని వెనకే ఒక లస్కరు దిగాడు. కాలవల మీద కాపలా తిరిగే లస్కరు వేరు, ఇతను కొండ మీది లస్కరు. పేరు ప్రభుదాసు. మెడలో ఈల, ఒంటి మీద నారింజరంగు లైఫ్ జాకెట్టు. కొండ నెత్తిన గొడుగు పాతుకుని, మండే రాతి మీద కూర్చుని, మునిగేవాళ్ళ కోసం చూసేవాడు. మొదటిరోజే కాశయ్య మేకలు ఎప్పట్లాగే కొండెక్కబోతే ఈల ఊది ఆపేశాడు.

"మేకలకి ఈత వచ్చునా?"

"ఈతేందయ్యా! ఎండు గడ్డి పీక్కుంటాయి."

"రాదన్నమాట. అయితే దింపకూడదు."

"దింపడంలా నాయనా, ఎక్కిస్తుండా!"

ఆ మర్నాడు రాళ్ళ పని కూడా ఆగింది. కొండలో ఉలి దెబ్బ పడితే రిజర్వాయరుకి గండి కొట్టిన కింద లెక్క అన్నారు. సుత్తులు మూలపడ్డాయి. ఊళ్ళో ఇన్నాళ్ళూ టకటకలాడుతుండే చప్పుడు పోయేసరికి కాకులు కూడా బెదిరి చూశాయి.

తరవాత చేపల శాఖవారొచ్చారు. రిజర్వాయరు అన్నాక చేపలు వదలాలి గదా. వాళ్ళలో పెద్దాయన ప్రభుదాసుని అడిగాడు.

"రంధ్రం వెడల్పెంత ఉంటుంది?"

"కంటికి కనపడదంట సార్."

ఆయన గడ్డం గోక్కుని ఆలోచించాడు. "అయితే కంటికి కనపడని సైజు పిల్లల్నే వదలాలి." ఒక ప్లాస్టిక్ కవరు విప్పి, అందులో ఏమీ కనపడకపోయినా జాగ్రత్తగా రాతి మీద వంచి దులిపి, పక్కన నిలబడి ఫోటో దిగి, "మూడు నెలలదాకా పట్టకండి," అని హెచ్చరించి వెళ్ళిపోయాడు.

వచ్చినవాళ్ళంతా వచ్చినట్టే చెన్నకేశవులు గుమ్మంలోకొచ్చి, "దాహంగా ఉంది ప్రెసిడెంటుగారూ," అనేవాళ్ళు. నీళ్ళ కాపలాదారులకి నీళ్ళు పొయ్యడమే ఆయనకి పెద్ద పనైంది. ప్రభుదాసు ఒక్కడే పూటకొక డబ్బా లాగించేవాడు. రబ్బరు జాకెట్టు తొడుక్కుని ఎండలో కూర్చున్న మనిషి, అతన్ని మాత్రం ఏమనగలం?

"కొండంత నీళ్ళ మీద కూసోని మా డబ్బా మీద పడ్డావేందయ్యా?" అంది ఒకసారి తిరుపాలమ్మ.

"అది ప్రభుత్వ ఆస్తి అక్కా. ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు ప్రభుదాసు, గ్లాసు ముందుకి చాపి.

ఇంతలో దిగువపాడువాళ్ళకి ఒక సందేహం వచ్చింది. పై ఊరి కొండలో అంత నీళ్ళుంటే కింది ఊరికి వాటా ఉండాలి గదా? వాళ్ళు అర్జీ పెట్టారు. దాని మీద ఒక సంఘం కూర్చుంది. కొండకి ఈ పక్కనున్న రంధ్రాలు పెచ్చులపాడువి, ఆ పక్కనున్న రంధ్రాలు దిగువపాడువి అని తేల్చి, ఒకరి రంధ్రాల్లోకి ఒకరు రాకుండా శిఖరం మీద సున్నం గీత కొట్టించింది. నాసరయ్యకి రోషం వచ్చింది. చెన్నకేశవులు డబ్బాలతో వస్తే బోరు గదికి తాళం వేశాడు.

"ఏం బావా, ఇదేం పని?"

"నువ్వు చేసిందేం పని? మైకులో నువ్వు మాట్టాడలా? ఇంకా ఎన్ని నీళ్ళున్నాయో మీకు తెలవదంటివి గదా? తెలిసింది. మంచి వాటా మీరు దాచుకోని మా బోరు తాగడానికొస్తారా? పో బావా, పోయి కొండ పిండుకో."

చెన్నకేశవులు ఖాళీ డబ్బాలతో తిరిగొచ్చాడు. ఖాళీ డబ్బాలు గుంటల రోడ్డు మీద దడదడలాడి ఊరికి ముందే చెప్పేశాయి. ఆ వారంలో కొన్ని ఇళ్ళకి తాళాలు పడ్డాయి. చుట్టాలున్నవాళ్ళు చుట్టాల దగ్గరికి పోయారు. లేనివాళ్ళు కూలికని చెప్పి పోయారు. గురవమ్మవ్వకి పోవడానికి ఎవరూ లేరు. ఆమె ఒకనాటి మధ్యాహ్నం చావిట్లో కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. తిరుపాలమ్మ ఇంట్లో అడుగున మిగిలిన నీళ్ళన్నీ చెంబులో వంచి ఆమె నోట్లో పోసింది. ముసలామె కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, "కాశయ్య మేకలకి పోసినావా?" అని అడిగింది. ఎవరికీ నవ్వు రాలేదు.

తిరుపాలమ్మ ఖాళీ చెంబు మొగుడి ముందు పెట్టింది. అరవలేదు. అరిస్తే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది. "ఇంకో మనిషి పడితే పొయ్యడానికి ఇంట్లో లేవు. ఏం చేస్తావో చెయ్యి."

అప్పుడు ఆకాశంలో ఒక మబ్బు ముక్క తారాడింది. నాలుగు చినుకులు రాలాయి. నాలుగంటే నాలుగే. దుమ్ము మీద పడి, మచ్చలు పెట్టి, చూస్తుండగానే ఆరిపోయాయి. జనం గిన్నెలు ఎత్తుకొచ్చేలోపు మబ్బు ఎగిరిపోయింది. తిరుపాలమ్మ ఆకాశానికి చేతులెత్తి దండం పెట్టబోయి, మధ్యలో కొండ కనపడేసరికి దండం మానేసి దాన్ని తిట్టడం మొదలుపెట్టింది.

"దీని కడుపు కాల! నిండా నీళ్ళంట, అంచుల్దాకా నీళ్ళంట! నిండిన కుండలో ఇంకో చెంబు పోస్తే ఏమైతాది? పొర్లాల గదా! మరి ఈ కొండ పొర్లదే?"

చెన్నకేశవులు చటుక్కున తలెత్తాడు.

"ఏమన్నావు?"

"ఏమంటాను? పొర్లలా అంటున్నా."

"పొర్లింది," అన్నాడు చెన్నకేశవులు. "ఇప్పుడే పొర్లింది." మస్తాను చెప్పిన మాట ఆయన బుర్రలో గిర్రున తిరిగింది. ఫోను తీసి జిల్లా వరదల కంట్రోలు రూముకి చేశాడు.

"పెచ్చులకొండ రిజర్వాయరు పొంగిందండీ. ఊరు మునిగింది."

అవతలివాడు కూర్చున్న కుర్చీ కిర్రుమంది. "నీటిమట్టం ఎంత?"

"కొండ నిండా నీళ్ళని మీ పరాంకుశరావుగారే రాసినారు. ఫలకం కూడా ఇచ్చినారు. దాని మీద ఇప్పుడు వాన కురిసింది. ఇంక పట్టడానికి చోటేది?"

"వాన ఎంత పడింది?"

"నిండిన దాని మీద ఎంత పడితే ఏందండీ, పడిందంతా పొర్లేదేగా!"

కంట్రోలు రూమువాడు పరాంకుశరావుని అడిగాడు. పరాంకుశరావు ఒక గడియ ఆలోచించాడు. పొంగలేదంటే కొండ నిండలేదనాలి. నిండలేదంటే రాసిన నీళ్ళు ఎటుపోయాయని విచారణ వస్తుంది. పొంగిందంటే? ప్రపంచంలో ఎక్కడా ఇంతవరకూ రాయి పొంగలేదు. ఆయన ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "రూపాంతర శిలాజలాశయ ప్రప్రథమ వరద," అని రాసి సంతకం పెట్టాడు.

ఆ తరవాత అన్నీ చకచకా జరిగిపోయాయి. కరువుకి కదలని చక్రాలన్నీ వరదకి కదిలాయి. మొదట పులిహోర పొట్లాలొచ్చాయి. తరవాత లారీ మీద రెండు పడవలొచ్చాయి. పడవలవాళ్ళు ఎక్కడ దించాలో తెలీక నడివీధిలో దుమ్ములో దించి, తెడ్లు పట్టుకుని అందులోనే కూర్చున్నారు. పిల్లలు ఎక్కి కూర్చుని పులిహోర తిన్నారు. ఆ వెనకే, ముందు అద్దం మీద "వరద సహాయం" అని గుడ్డ కట్టుకుని, హారను కొట్టుకుంటూ నీలంరంగు ట్యాంకరు వచ్చింది.

"మామా!" అని మస్తాను కిటికీలోంచి సగం బయటికొచ్చాడు. "యాడయ్యా వరద?"

"ముందు కుళాయి తిప్పరా అబ్బయా, అప్పుడు చూపిస్తా."

ఆ రోజు పెచ్చులపాడులో జనం నీళ్ళు తాగిన తీరు రాయడం కష్టం. గురవమ్మవ్వ చెంబెడు తాగి, చెంబెడు నెత్తిన పోసుకుని, మిగతాది మేకలకి పట్టింది. ప్రభుదాసు కొండ దిగొచ్చి, జాకెట్టు విప్పి, ఆడవాళ్ళ వెనక తన వంతు వచ్చిందాకా నిలబడ్డాడు.

అయితే సర్కారు ఇచ్చింది సర్కారు వచ్చి చూసుకోకుండా ఊరుకోదు. రెండోరోజు మిట్టమధ్యాహ్నం వరద నష్టం అంచనా వెయ్యడానికి ప్రత్యేకాధికారి విజయదుర్గ వచ్చింది. పక్కన పరాంకుశరావు, వెనక రెండు జీపుల నిండా సిబ్బంది. ఊరి మొగలో జీపు ఆపి ఆవిడ దిగింది. వీధి కొస నుంచి కొస దాకా చూసింది. ఎండ భగభగమంటోంది. దుమ్ము సన్నగా లేస్తోంది. దుమ్ములో పడవ ఉంది, పడవ నీడలో ఒక కుక్క నాలుక చాపి రొప్పుతోంది.

"నీళ్ళేవి?" అంది విజయదుర్గ.

ఊరంతా చెన్నకేశవులు మొహం చూసింది. ఆవిడ వరద లేదని రాసిందంటే రేపటి నుంచి మస్తాను రాడు. తిరుపాలమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో ఏడుపుకో ఆమెకే తెలియాలి. చెన్నకేశవులు నోరు తడి ఆరిపోయింది. మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది.

"ఇక్కడే ఉండాయమ్మా. మా ఊళ్ళో గోడలు కొండరాళ్ళు, కప్పులు కొండరాళ్ళు, వీధికి పరిచిందీ కొండరాళ్ళే. వరద వచ్చినమాట నిజం. వచ్చింది వచ్చినట్టే రాళ్ళలోకి దూరింది. ఊరికే అనడంలా నేను, సారు లెక్క ప్రకారమే చెప్తుండా. వందకి పదకొండు పాళ్ళు. కంటికి కనపడదు గానీ, ఇప్పుడు తమరు నిలబడ్డకాడ మోకాల్లోతు ఉంటది."

విజయదుర్గ పరాంకుశరావు వైపు తిరిగింది. "నిజమేనా?"

పరాంకుశరావు కొండని చూశాడు. కొండ మీది బోర్డుని చూశాడు. ప్రప్రథమ వరద మీద తాను పెట్టిన సంతకం ఆయన కళ్ళముందు ఆడింది. వీధిని చూశాడు. ఆయన మెల్లిగా వంగి బూట్లు విప్పాడు. మేజోళ్ళు విప్పి బూట్లలో కుక్కాడు. ప్యాంటు రెండు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా మడిచాడు. బూట్లు ఒక చేత ఎత్తి పట్టుకుని, కాలే బండ మీద మొదటి పాదం మోపాడు. మోపీ మోపగానే పైకెత్తి, ఇంకోటి మోపి, అది కూడా అంత ఎత్తున లేపి, ప్రవాహానికి ఎదురీదే మనిషిలాగా ముందుకు కదిలాడు.

"నిజమే మేడమ్," అన్నాడు పళ్ళు బిగబట్టి. "వడి కూడా ఎక్కువగానే ఉన్నది."

విజయదుర్గ ఆయన్ని కాసేపు చూసింది. తరవాత చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు జానెడు పైకెత్తి పట్టుకుని తానూ దిగింది. ఆవిడ వెనక సిబ్బంది ఒక్కొక్కరే బూట్లు చేతబట్టుకుని, ఫైళ్ళు తడవకుండా నెత్తిన పెట్టుకుని, వరసగా దిగారు.

చెన్నకేశవులు రెండడుగులు ఎదురెళ్ళి పరాంకుశరావుకి చెయ్యి అందించాడు.

"ఇటు రండి సార్, నా చెయ్యి పట్టుకోండి. అటు పక్క లోతు."